వీలునామా ఏళ్లుగా వాయిదా పడుతోందా? ఎక్కడ ఆగుతోందో ఇక్కడ తేల్చుకుందాం

కాగితాలకట్ట

ఫ్లాట్ కొన్న రోజున సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పూటంతా ఓపిగ్గా కూర్చుంటాం. అదే ఫ్లాట్ మన తర్వాత ఎవరిదో రాయమంటే మాత్రం ఆషాఢం పోనీ, పిల్ల పెళ్లి కానీ, మంచి లాయరు దొరకనీ అంటూ పదేళ్లు గడిపేస్తాం. ఇంట్లో ఆ మాటెత్తితే "తథాస్తు దేవతలుంటారు, ఊరుకో" అని పెద్దవాళ్లు నోరు మూయిస్తారు.

నిజానికి చాలామంది ఆగేది చావు భయంతో కాదు. ఎక్కడో ఒక్క ప్రశ్న తేలదు. ఇల్లు కొడుక్కా కూతురికా, బావమరిదిని సాక్షిగా పిలిస్తే అంతా తెలిసిపోతుందేమో, పాత ప్లాటు లింకు డాక్యుమెంటు ఎక్కడుందో. ఆ ఒక్కటి తేలక మిగతా తొంభై శాతం పనీ ఆగిపోతుంది. అందుకని ముందు చట్టం నిజంగా ఏం అడుగుతుందో చూడండి. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం రాసేవారు మేజరై ఉండాలి, తెలివిలో ఉండాలి. కాగితం మీద రాసి సంతకం గానీ వేలిముద్ర గానీ వేయాలి. ఇద్దరు సాక్షులు దాన్ని చూసి, రాసినవారి ఎదుట తామూ సంతకం చేయాలి. అంతే.

నేను సూచించే పద్ధతి మూడు సాయంత్రాల పని. మొదటి సాయంత్రం 40 నిమిషాలు అలారం పెట్టుకుని ఆస్తులు, అప్పుల పట్టిక రాయండి. గుర్తున్నంత వరకే, బీరువా తీయకుండా. బీరువా తెరిస్తే పాత రసీదులు చూస్తూ ఆ రాత్రి అక్కడే అయిపోతుంది. రెండో సాయంత్రం ఎవరికి ఏది అన్నది. తేలని చోట "సమానంగా" అని రాసి ముందుకు వెళ్లండి. మూడో సాయంత్రం శుభ్రంగా రాసి, ఇద్దరిని పిలిచి సంతకాలు. రేపు మనసు మారితే ఇంకోటి రాసుకోవచ్చు. చివరి తేదీ ఉన్నదే చెల్లుతుంది. మీకు తెలిసిన చిక్కులు, వాటి విరుగుళ్లు కింద రాయండి.

గోల్కొండగాలి

అన్నా, మా దిక్కు అందరు గిదే అంటరు: వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాయకపోతే చెల్లదు, నోటరీ ముద్ర పడాలె, లేకుంటే కోర్టుల పక్కకు పెడ్తరు అని. స్టాంపు పేపరు తెచ్చుకునుడు దగ్గర్నే మస్తుమంది ఆగిపోతున్రు. గది తేల్చి చెప్పున్రి.

బర్కత్‌పురా వకీలు

తేల్చి చెప్తున్నాను. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు. తెల్లకాగితం చాలు, తెలుగులో చేత్తో రాసినా చాలు. నోటరీ ముద్ర ఉన్నా అది సాక్షుల సంతకాలకు బదులు కాదు. నోటరీ ఉండి సాక్షి ఒక్కడే ఉన్న కాగితం వీలునామాగా నిలవదు. రిజిస్ట్రేషన్ కూడా మన ఇష్టమే, దాని లాభాలు వేరే.

ఇంకో మూడు అపోహలు. సాక్షులిద్దరూ ఒకేసారి ఉండాలని చట్టం అనలేదు. అయినా ఒకే గదిలో, ఒకే పూట చేయించండి. రేపు కోర్టులో సాక్షి "నేను చూశాను" అని సూటిగా చెప్పగలగాలి. రెండోది, సాక్షికి లోపల ఏముందో తెలియాల్సిన పనిలేదు. పై పేజీలు తెల్లకాగితంతో కప్పి, సంతకం చోటు మాత్రం చూపించవచ్చు. ఎవరికీ తెలియకూడదన్న బెంగతో ఆగినవాళ్లకు ఇది చెప్పండి. మూడోది, ఫోన్‌లో ఆధార్ ఈ-సైన్‌తో వీలునామా కుదరదు. ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం వీలునామాను తన పరిధి నుంచి బయట పెట్టింది. వీడియో తీసుకోవచ్చు గానీ అది కాగితానికి తోడు మాత్రమే.

కోర్టులో నెగ్గేది ఎలాగంటే, సాక్షుల్లో కనీసం ఒక్కరు వచ్చి చెప్పాలి. 2023 భారతీయ సాక్ష్య అధినియమ్‌లో అది 67వ సెక్షన్, పాత చట్టంలో 68. అందుకే ఎనభై ఏళ్ల మిత్రుణ్ణి సాక్షిగా పెట్టుకోకండి. మీకంటే పదిహేనేళ్లయినా చిన్నవాళ్లు, ఊళ్లో స్థిరంగా ఉండేవాళ్లు మంచిది. వాళ్ల పూర్తి పేరు, తండ్రి పేరు, వయసు, చిరునామా, ఫోను రాయించండి. ముప్పై ఏళ్ల తర్వాత గీతలాంటి సంతకం చూసి మనిషిని పట్టుకోవడం కష్టం.

చిక్కడపల్లి చిట్టా

వకీలు గారికి ఒక్క మాట కలుపుతాను. లబ్ధిదారుణ్ణి సాక్షిగా పెడితే వీలునామా మొత్తం రద్దవుతుంది కదా. అదీ రాయాల్సింది.

బర్కత్‌పురా వకీలు

మొత్తం రద్దు కాదండీ. 67వ సెక్షన్ ప్రకారం ఆ సాక్షికి, లేదా ఆ సాక్షి భార్యకో భర్తకో రాసిన వాటా మాత్రమే పోతుంది, మిగతాది నిలుస్తుంది. (ఇది వారసత్వ చట్టంలోని 67, పైన చెప్పిన సాక్ష్య చట్టం 67 వేరు.) పైగా హిందువుల వీలునామాలకు ఏయే సెక్షన్లు వర్తిస్తాయో మూడో షెడ్యూల్ చెబుతుంది. అందులో 67 లేదు. క్రైస్తవులకు, పార్శీలకు వర్తిస్తుంది.

అయినా హిందువులు కూడా ఆ పని చేయకూడదు. 1959లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు "అనుమానాస్పద పరిస్థితులు" అన్న కొలత పెట్టింది. లాభపడే మనిషే రాయించడం, దగ్గరుండి సంతకం పెట్టించడం, వణికిన సంతకం, భార్యాపిల్లల ఊసే లేకపోవడం, ఇవన్నీ అందులోకి వస్తాయి. ఆ అనుమానాన్ని తీర్చే బరువు వీలునామా చూపించేవారి మీదే పడుతుంది.

క్రైస్తవులకు ఇంకో సంగతి: పెళ్లికి ముందు రాసిన వీలునామా పెళ్లితో రద్దవుతుంది. పెళ్లయ్యాక మళ్లీ రాయాలి. హిందువులకు ఆ నియమం లేదు.

సైదాబాద్ సమీక్ష

"మా ఇంట్లో గొడవల్లేవు, చట్టమే చూసుకుంటుంది" అని ఆగేవాళ్ల కోసం. చట్టం చూసుకునే తీరు చాలామంది ఊహించుకున్నట్టు ఉండదు.

హిందూ పురుషుడు వీలునామా లేకుండా పోతే భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఉన్నారనుకుందాం. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం నలుగురికీ తలా నాలుగో వంతు. భార్యకు మొత్తం రాదు. తండ్రి బతికున్నా ఆయనకేమీ రాదు, ఆయన రెండో తరగతి వారసుడు. పిల్లలు మైనర్లయితే వాళ్ల వాటా ఉన్న ఇంటిని అమ్మడానికి తల్లి కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. ఫ్లాట్ అమ్మి చిన్న ఇంట్లోకి మారదామన్నా పని నెలల తరబడి ఆగుతుంది. ఆ తర్వాత నానమ్మ పోతే ఆమె నాలుగో వంతు ఆమె పిల్లలందరికీ, అంటే చిన్నాన్నలకు, మేనత్తలకూ పంచుతారు. ఎవరికీ దురుద్దేశం లేకపోయినా ఒక ఫ్లాట్ మీద ఏడెనిమిది సంతకాలు అవసరమవుతాయి.

ఆడవాళ్ల ఆస్తి సంగతి ఇంకా పట్టించుకోవాలి. 15వ సెక్షన్ వరస ఇది: ముందు పిల్లలు, భర్త, తర్వాత భర్త వారసులు, ఆ తర్వాతే తల్లిదండ్రులు. పిల్లల్లేక, భర్త కూడా పోయిన స్త్రీ తన జీతంతో కొన్న ఫ్లాట్ అత్తవారి వైపు వెళుతుంది, కన్నతల్లి బతికున్నా సరే. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చింది మాత్రం, పిల్లల్లేకపోతే, తండ్రి వారసులకు తిరిగి వెళుతుంది. ఉద్యోగం చేసే ప్రతి ఆడపిల్లా ఒక పేజీ వీలునామా రాసుకోవాలని నేను గట్టిగా అంటాను. అలాగే భార్యాభర్తలు ఉమ్మడి వీలునామా జోలికి పోకుండా వేర్వేరుగా రాసుకోండి. ఉమ్మడిదైతే ఒకరు పోయాక రెండోవారు మార్చుకోవచ్చా లేదా అన్నదే పెద్ద వ్యాజ్యమవుతుంది.

నామినీ నిఘా

నేను ఎక్కువగా వినే సాకు "అన్నిటికీ నామినీ పెట్టేశాం కదా, ఇంక వీలునామా ఎందుకు". నామినీ అంటే డబ్బు అందుకునే చెయ్యి, యజమాని కాదు. ఎల్‌ఐసీ విషయంలో 1984లో సర్బతీ దేవి కేసు, షేర్ల విషయంలో 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసు ఇదే చెప్పాయి. బీమాలో ఒక మార్పు వచ్చింది. 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే ఆ డబ్బు వాళ్లకే సొంతం. కాబట్టి బీమా నామినీ ఒకరు, వీలునామాలో ఇంకొకరు ఉంటే తగువు మీరే తయారుచేసినట్టు.

వీలునామా మొదలుపెట్టడానికి మనసు రాకపోతే, ఇవాళ్టికి నామినీలు సరిచూడండి. అరగంట పని. బ్యాంకు డిపాజిట్లకు 2025 నవంబరు 1 నుంచి నలుగురి దాకా నామినీలు పెట్టుకోవచ్చు, వాటాల శాతాలతో గానీ ఒకరి తర్వాత ఒకరుగా గానీ. లాకరుకు మాత్రం ఒకరి తర్వాత ఒకరే. పీఎఫ్‌లో ముఖ్యమైనది: పెళ్లికి ముందు అమ్మ పేరో తమ్ముడి పేరో పెట్టిన నామినేషన్ పెళ్లయ్యాక చెల్లదు. యూఏఎన్ పోర్టల్‌లో ఈ-నామినేషన్ మళ్లీ చేయాలి. ఐటీ ఉద్యోగుల్లో ఇది వదిలేసినవాళ్లు చాలామంది.

పాత ఖాతాలు గుర్తుకు రాకపోతే పట్టికలో "తెలియనివి" అని ఒక వరస పెట్టండి. పదేళ్లు కదలని డిపాజిట్లు రిజర్వ్ బ్యాంకు నిధికి వెళతాయి, కానీ హక్కు పోదు. రిజర్వ్ బ్యాంకు వారి ఉద్గమ్ పోర్టల్‌లో పేరుతో వెతకవచ్చు.

ఫోను సంగతి కూడా. పాస్‌వర్డ్‌లు వీలునామాలో రాయొద్దు. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ తెరిచి 3, 6, 12, 18 నెలల్లో ఒక గడువు పెడితే, అంతకాలం ఖాతా కదలకపోతే మీరు ఎంచుకున్నవాళ్లకు కబురు వెళుతుంది. పది మంది దాకా పేర్లివ్వొచ్చు.

దస్తావేజు రాత

రాత దగ్గరే ఆగిపోయినవాళ్ల కోసం నమూనా పెడుతున్నాను. ఖాళీలు నింపుకోండి.

"నేను, ........, తండ్రి ........, వయసు .. సంవత్సరాలు, నివాసం ........, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. ఇంతకుముందు రాసిన వీలునామాలు, కోడిసిళ్లు (వీలునామాకు చేర్పులు, మార్పులు) అన్నీ ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. నాకు భార్య ........, కూతురు ........, కొడుకు ........ ఉన్నారు.

రంగారెడ్డి జిల్లా, శేరిలింగంపల్లి మండలం, మియాపూర్ గ్రామం, సర్వే నంబరు ....లోని ........ అపార్ట్‌మెంట్, నాలుగో అంతస్తు, ఫ్లాట్ నంబరు 402, 1,150 చదరపు అడుగులు, ఒక కారు పార్కింగు, అవిభాజ్య భూమి వాటా 42 చదరపు గజాలు, డాక్యుమెంటు నంబరు ..../2009, ఇంటి పన్ను నంబరు (పీటీఐఎన్) ........, నా స్వార్జితం. నా తదనంతరం ఇది నా భార్యకు సర్వహక్కులతో చెందాలి. ఆమె నాకంటే ముందే మరణిస్తే నా కూతురికి, కొడుక్కి చెరి సగం.

పైన చెప్పనివీ, ఇకముందు నాకు సంక్రమించేవీ అయిన చరాస్తి, స్థిరాస్తి మొత్తం ........కు చెందాలి. ఈ వీలునామా అమలుకు ........ను ఎగ్జిక్యూటరుగా నియమిస్తున్నాను. వారు లేనిపక్షంలో ........."

చివర తేదీ, ఊరు, సంతకం. దాని కింద: "పైవారు మా ఇద్దరి ఎదుట సంతకం చేయగా చూశాము. వారి ఎదుటే మేమూ సంతకాలు చేశాము."

ఇందులో ఏది వదిలేస్తే ఏమవుతుందో చెప్తాను. "పైన చెప్పనివి" అన్న పేరా లేకపోతే, రాసిన తర్వాత కొన్న ప్లాటు వీలునామా బయట పడిపోతుంది. దానికి మళ్లీ మామూలు వారసత్వమే. పట్టిక పూర్తికాలేదని ఆగేవాళ్లకు ఈ ఒక్క పేరా పెద్ద ఆసరా. మర్చిపోయినవన్నీ ఇందులోకి వస్తాయి. "ముందే మరణిస్తే" అన్న మాట లేకపోతే ఆ వాటా ఎటు పోవాలో తెలియక తగువు. ఫలానా ప్లాటు కూతురికి అని రాసి, తర్వాత మీరే దాన్ని అమ్మేస్తే కూతురికి ఆ డబ్బు రాదు, ఆ వాటా అక్కడితో పోయినట్టే. అమ్మే ఆలోచన ఉన్న ఆస్తికి మొత్తంలో శాతాలు రాయడం మేలు. బంగారం కూడా అంతే. ఫలానా హారం అని రాస్తే అది మార్పించి గాజులు చేయించినప్పుడు చిక్కు. "నా బంగారం మొత్తం తూకం ప్రకారం సమానంగా" అంటే నిలుస్తుంది.

అవిభాజ్య భూమి వాటా గజాల్లో తప్పకుండా రాయండి. పాత అపార్ట్‌మెంట్ కూల్చి కట్టేటప్పుడు దానిమీదే లెక్కలన్నీ. కొట్టివేతలు, దిద్దుబాట్లు వద్దు. దిద్దితే ఆ పక్కనే మళ్లీ మీ సంతకం, సాక్షుల సంతకాలు ఉండాలి. లేకపోతే ఆ దిద్దుబాటు లేనట్టే. పేజీ తిరిగి రాయడమే తేలిక. ప్రతి పేజీ కింద సంతకం, "3లో 1వ పేజీ" అన్న నంబరు.

సైదాబాద్ సమీక్ష

దస్తావేజు గారూ, చాలా మంచి నమూనా. "భార్యకు జీవితకాలం అనుభవహక్కు, తర్వాత పిల్లలకు" అని రాయించుకునేవాళ్లు మన దగ్గర ఎక్కువ. దాని గురించి వకీలు గారు చెబితే బాగుంటుంది.

బర్కత్‌పురా వకీలు

అక్కడ జాగ్రత్త కావాలి. 1977లో మన తెలుగు కుటుంబం కేసే, తులసమ్మ వర్సెస్ శేషారెడ్డి. మనోవర్తి కింద జీవితకాలానికి మాత్రమే ఇచ్చిన ఆస్తి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ మొదటి భాగం వల్ల ఆమెకు సంపూర్ణ హక్కుగా మారిందని సుప్రీంకోర్టు చెప్పింది. అదే సెక్షన్ రెండో భాగం, వీలునామాలో పరిమితంగా ఇస్తే పరిమితంగానే ఉంటుందంటుంది. ఈ రెండింటి మధ్య దశాబ్దాలుగా కేసులు నడుస్తున్నాయి. నా సలహా: భార్యకు సర్వహక్కులతో ఇవ్వండి, ఆమె తన వీలునామా తాను రాసుకుంటుంది. జీవితహక్కే కావాలంటే ఆ ఒక్క పేరాకైనా లాయరుకు ఫీజు ఇచ్చి రాయించండి.

ఇంకోటి, పిత్రార్జిత ఉమ్మడి ఆస్తిలో మీ వాటా వరకే రాయగలరు. కూతుళ్లకూ అందులో పుట్టుకతో హక్కుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లికాని కూతుళ్లకు 1985 సెప్టెంబరు 5 నుంచే ఇచ్చారు, దేశమంతటా 2005లో వచ్చింది. తాతల ఇల్లు మొత్తం ఒకరికే రాసిన వీలునామాలు ఇక్కడే దెబ్బతింటాయి.

చార్మినార్ చాయ్

సలాం. పాతబస్తీ మిత్రులు ఈ నమూనా చూసి అలాగే రాసేయకండి. ముస్లింల వసీయత్‌కు (వీలునామాకు) ఈ చట్టం కాదు, షరియత్ లెక్క. ముందు దఫన్ ఖర్చులు, తర్వాత అప్పులు. భార్యకు బాకీ ఉన్న మెహర్ (పెళ్లిలో ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము) కూడా అప్పే. మిగిలినదాంట్లో మూడో వంతు దాకా మాత్రమే వసీయత్ చేయవచ్చు. సున్నీలకు వారసుడికే వసీయత్ చేస్తే, పోయాక మిగతా వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. షియాలకు ఆ మూడో వంతులోపు వారసుడికి ఇచ్చినా ఒప్పుదల అక్కర్లేదు.

దత్తత తీసుకున్న బిడ్డ, ముందే పోయిన కొడుకు పిల్లలు, వీళ్లకు నేరుగా వాటా రాని సందర్భాలున్నాయి. ఆ మూడో వంతు వాళ్ల కోసం వాడుకోవచ్చు. నోటిమాట వసీయత్ చెల్లుతుంది గానీ నిరూపించడం చాలా కష్టం. రాసి పెట్టండి. మెహర్ మొత్తం కూడా అందులో రాయండి, బేగం సాహెబాకు అది రక్షణ. బతికుండగానే ఇవ్వాలంటే హిబా, కానీ స్వాధీనం నిజంగా అప్పగించాలి. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్న ముస్లింలకు మాత్రం 1925 చట్టమే.

డల్లాస్ కబురు

పిల్లలందరూ అమెరికాలో, పెద్దవాళ్లు హైదరాబాద్‌లో. ఇలాంటి ఇళ్లలో వీలునామా ఎలా ఉండాలో ఎవరైనా విడిగా రాస్తారా? "జీపీఏ (మన తరఫున పనులు చేసే అధికార పత్రం) ఇచ్చాం కదా" అని అమ్మానాన్నలు, పిల్లలూ ఇద్దరూ నిశ్చింతగా ఉండిపోతున్నారు.

దస్తావేజు రాత

జీపీఏ ఇచ్చిన మనిషి పోయిన క్షణమే అది పోతుంది. ఆ తర్వాత దాంతో ఏ పనీ జరగదు. జీపీఏ బతికున్నప్పటి పనులకు, వీలునామా తర్వాతి పనులకు.

పిల్లలు విదేశంలో ఉంటే ఎగ్జిక్యూటరు హైదరాబాద్‌లో ఉన్నవారై ఉండాలి, ఇంకొకరు ప్రత్యామ్నాయంగా ఉండాలి. ఆయన చేతిలో పడే పనులు చూడండి: మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, బ్యాంకు క్లెయిములు, జీహెచ్‌ఎంసీలో ఇంటి పన్ను పేరు మార్పు, కరెంటు మీటరు పేరు, వాటర్ బోర్డు ఖాతా (క్యాన్) నంబరు. ఈ నంబర్లన్నీ ఒక పేజీలో రాసి వీలునామాతో పాటు పెట్టండి, వీలునామాలో కలపక్కర్లేదు. మరణ ధ్రువపత్రాలు కనీసం పది ప్రతులు తీసుకోమని ఆ పేజీలోనే రాయండి.

విదేశీ పౌరులైన పిల్లలు కూడా ఇక్కడి తల్లిదండ్రుల ఆస్తిని, వ్యవసాయ భూమితో సహా, వారసత్వంగా పొందవచ్చు. అమ్మిన డబ్బు ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల దాకా తీసుకెళ్లవచ్చు, పన్ను శాఖ అడిగే ఫారాలతో. ఇక్కడ వారసత్వ పన్ను లేదు, ఎస్టేట్ డ్యూటీ 1985లోనే ఎత్తేశారు. అమ్మినప్పుడు లాభం మీద పన్ను మాత్రం ఉంటుంది. అప్పుడు కొన్న ధర పత్రాలు కావాలి, కాబట్టి పాత సేల్ డీడు పారేయొద్దు.

మేడ్చల్ మడికట్టు

పొలం ఉన్నోళ్లు సర్వే నంబరు, సబ్ డివిజన్, ఎకరాలు గుంటలు, పాసుపుస్తకం ఖాతా నంబరు రాయాలె. భూముల రికార్డులకు ధరణి పోయి 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి వచ్చింది. వీలునామా మీద మ్యూటేషన్ (రికార్డుల పేరు మార్పు) అంటే తహసీల్దారు వారసులందరికి నోటీసులిచ్చి విచారణ చేస్తడు. అందుకని కుటుంబం పేర్లన్ని వీలునామాల ఉండాలె, ఏమియ్యనోళ్లవి గూడ. "ఫలానా కొడుక్కు ఇదివరకే ఇచ్చిన, అందుకే ఇందుల వాటా లేదు" అని ఒక్క లైను రాస్తే సగం ఆక్షేపణ ఆడ్నే ఆగుతది. రికార్డుల విస్తీర్ణం, పొలంల నిజంగ ఉన్నది ఒకటే ఉన్నదా ముందే చూసుకోన్రి. తేడా ఉంటే బతికుండంగ సరిచేయించుడు అల్కగ.

గోల్కొండగాలి

గీ రిజిస్ట్రేషన్ ముచ్చట గూడ చెప్పున్రి. చేయించాల్నా వద్దా? మంచం మీదున్న పెద్దమనిషిని ఆఫీసుకు ఎట్ల తీస్కపోతరు?

దస్తావేజు రాత

చేయించమనే నా మాట, కానీ దానికోసం సంతకం ఆపొద్దు. ముందు ఇంట్లో సాక్షులతో పూర్తిచేయండి. రిజిస్ట్రేషన్‌కు కాలపరిమితి లేదు, రాసినవారు పోయిన తర్వాత కూడా ఎగ్జిక్యూటరు తీసుకెళ్లవచ్చు. ఆస్తి ఎక్కడున్నా మీకు వీలైన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయవచ్చు. స్లాట్ తీసుకుని, ఆధార్, ఇద్దరు సాక్షులతో వెళ్లాలి. ఫొటో, వేలిముద్రలు అక్కడే. కదలలేనివారికి రిజిస్ట్రేషన్ చట్టం 31వ సెక్షన్ కింద రిజిస్ట్రారే ఇంటికి వస్తారు. ఆఫీసులో ప్రైవేట్ అటెండెన్స్ అని అడగండి, కారణం చూపించే డాక్టరు కాగితం జతచేయండి.

రహస్యం పోతుందని భయం వద్దు. వీలునామా మూడో నంబరు పుస్తకంలోకి ఎక్కుతుంది, ఈసీలో (ఆస్తి మీది లావాదేవీల పత్రంలో) కనిపించదు. రాసినవారు బతికున్నంత కాలం నకలు వారికి, వారి ఏజెంటుకు తప్ప ఎవరికీ ఇవ్వరు. అసలు తెరిచి చూపించడమే ఇష్టం లేకపోతే సీలు చేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచే వీలూ ఉంది. అదే చట్టంలో 42వ సెక్షన్.

గమనించండి, రిజిస్టరు చేసినదాన్ని తర్వాత రాసిన రిజిస్టరు కాని వీలునామా కూడా రద్దు చేయగలదు. డెబ్బై దాటినవారు, జబ్బుతో ఉన్నవారు సంతకం రోజునే డాక్టరుతో "స్పృహలో, తెలివిలో ఉన్నారు" అని తేదీతో రాయించుకోండి. వారం ముందుదో వారం తర్వాతదో అయితే బలం తక్కువ.

చిక్కడపల్లి చిట్టా

వీలునామా ఎందుకు, ఇప్పుడే గిఫ్ట్ డీడు చేసేస్తే పోలా అనేవాళ్లకు: గిఫ్ట్ అయితే ఆ రోజే ఆస్తి మీది కాదు. స్టాంపు డ్యూటీ కట్టాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఇష్టం వచ్చినప్పుడు వెనక్కి తీసుకోలేరు. తప్పక చేయాల్సి వస్తే "నా పోషణ, వైద్యం చూసుకోవాలి" అన్న షరతు డీడులోనే రాయించండి. అప్పుడు 2007 తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కు వెళ్లి రద్దు కోరవచ్చు. షరతు నోటిమాటగా ఉంటే నిరూపించడానికి అవస్థ. ఉండే ఇంటిని మాత్రం గిఫ్ట్ చేయొద్దనే నేనంటాను.

సైదాబాద్ సమీక్ష

మొదటి పోస్టులో అడిగిన అసలు ముడికి వస్తాను: పిల్లల మధ్య ఎక్కువ తక్కువ రాయాల్సి వచ్చి ఆగినవాళ్లు. ఒకరు చూసుకున్నారు, ఒకరికి చదువుకు ఎక్కువ పెట్టారు, ఒకరికి అవసరం ఎక్కువ. ఒక కాగితం మీద పిల్లల పేర్లు రాసి, ఇప్పటిదాకా ఎవరికి ఎంత ఇచ్చారో పక్కన వేయండి: కట్నకానుకలు, ఫీజులు, ఇంటి అడ్వాన్సు. అంకెలు కళ్లముందు ఉంటే చాలాసార్లు నిర్ణయం దానంతటదే తేలుతుంది. అసమానంగా రాస్తే కారణం రెండు లైన్లలో రాయండి, నింద లేకుండా. "చిన్నవాడికి వ్యాపారానికి ఇదివరకే ఇచ్చాను" చాలు. "నన్ను చూడలేదు" లాంటివి రాస్తే అది కోర్టుకు పిలుపే.

మైనరు పిల్లలున్నవారు గార్డియన్ పేరు కూడా రాయాలి. తండ్రి రాసినా తల్లి బతికుంటే తల్లే గార్డియన్. ఇద్దరూ లేనప్పటి కోసం ఇద్దరి వీలునామాల్లో ఒకే పేరు ఉండాలి. ఆ మనిషిని ముందే అడగండి.

నామినీ నిఘా

ఏడాదికోసారి చూసుకోవడానికి ఏప్రిల్ బాగుంటుంది. జీహెచ్‌ఎంసీ ఇంటి పన్ను 5 శాతం తగ్గింపుతో కట్టే నెల, పీటీఐఎన్ కాగితం ఎలాగూ చేతిలో ఉంటుంది. పెళ్లి, పుట్టుక, విడాకులు, కొనుగోలు, అమ్మకం, ఎగ్జిక్యూటరు ఊరు మారడం, వీటిలో ఏదైనా జరిగితే తిరగరాయండి. చిన్న మార్పుకు కోడిసిల్ సరిపోతుంది, దానికీ ఇద్దరు సాక్షులు కావాలి.

గోల్కొండగాలి

ఆఖరిగ ఒక్కటి. అసలు కాయితం ఎక్కడ పెట్టాలె? లామినేషన్ చేయించి లాకరుల పెడ్తే మంచిదేనా?

బర్కత్‌పురా వకీలు

రెండూ వద్దు. లామినేషన్ చేస్తే సంతకం సిరా, కాగితం మీద కలం ఒత్తిడి పరీక్షించడానికి వీలుండదు. సంతకం నకిలీ అని ఎవరైనా అంటే నిపుణుడికి చూపించేది అదే. మామూలు ప్లాస్టిక్ ఫోల్డరులో, మడతపెట్టకుండా ఉంచండి. లాకరు మీ ఒక్కరి పేరు మీద ఉంటే, అది తెరవడానికి కావలసిన కాగితమే అందులో ఇరుక్కుపోతుంది. నామినీ ఉన్న లాకరైతే పరవాలేదు. లేదంటే ఇంటి బీరువాలో అసలు, ఎగ్జిక్యూటరు దగ్గర జిరాక్సు. ఆ జిరాక్సు వెనక "అసలు ఫలానా బీరువా పై అర, నీలం ఫోల్డరు, తాళం ఫలానావారి దగ్గర" అని పెన్సిలుతో రాయండి.